సోది చెప్పిన అమ్మ, బల్ల మీది బ్రౌన్ నిఘంటువు

“మా అమ్మ ఊరూరా తిరిగి సోది చెప్పేది. పొద్దుగూకేసరికి గంపెడు గింజలతో వచ్చేది.”

రికార్డింగులో ఈ రెండు వాక్యాలూ చక్కగా వినిపిస్తాయి. చెప్పినావిడ ఎరుకల ఇంటి మనిషి, డెబ్భై దాటాయి. తల్లి సంగతి వచ్చినప్పుడు ఆమె గొంతు కాస్త పైకి లేస్తుంది. పెద్దవాళ్ల జ్ఞాపకాలను రికార్డు చేసి, తెలుగులో రాయించి, తర్వాత ఇంగ్లీషులోకి మార్పించే చోట ప్రతులు సరిచూడడం నా పని. ఆ రోజు నా ముందుకొచ్చిన ఇంగ్లీషు ప్రతిలో ఆ తల్లి ఊళ్లు పట్టుకు తిరుగుతూ పనికిమాలిన కబుర్లు చెప్పే మనిషి అయిపోయింది.

అనువదించిన అమ్మాయిది నిర్లక్ష్యం కాదు. ఆమెకు ఇరవై మూడేళ్లు, మనసు పెట్టి పనిచేసే పిల్ల. బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె విన్న సోది ఒక్కటే: విసుగు పుట్టించే మాట. “సోది ఆపు”, “అంత సోదెందుకు, సంగతి చెప్పు”. దీనికి ఇంకో అర్థం ఉండొచ్చన్న అనుమానమే ఆమెకు రాలేదు. అనుమానం రాని మాటకి ఎవరూ నిఘంటువు తెరవరు. వాడుకలో అర్థం మారిన మాటలతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. తెలియని మాట మనల్ని ఆపుతుంది. తెలుసనుకున్న మాట ఆపదు.

నేను ఆ పూట ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని బల్ల మీదున్న బ్రౌన్ నిఘంటువు తెరిచాను. సోది, సోదె అన్న రెండు రూపాలకీ అక్కడున్నది జోస్యం, ఎరుక చెప్పడం అన్న అర్థమే. చేతిలో కోల పట్టుకుని, గంప దించుకుని, ఎదుటివాళ్ల చెయ్యి చూసి దేవతల పేర్లు తలుస్తూ జరగబోయేది చెప్పే విద్య. ఆమె చాలాసేపు ఆ పేజీనే చూసి, “అక్కా, నేను ఆవిడ అమ్మని తిట్టాను” అంది. ఆ మాటకి నాకు వెంటనే జవాబు దొరకలేదు.

ఈ సమీక్ష ఆ నిఘంటువు గురించి. చాలామంది దీన్ని పాత తెలుగు చదువుకునేవాళ్ల పుస్తకం అనుకుంటారు. నేను మాత్రం దీన్ని ఎక్కువగా ఇవాళ్టి మాటల కోసం, అందులోనూ కుర్రకారు నోట్లో నలిగే మాటల కోసం వాడతాను. ఆ పనికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పడానికే ఇదంతా.

పుస్తకం సంగతి ముందు క్లుప్తంగా. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసుకు వచ్చి, 1820లో కడపలో కంపెనీ ఉద్యోగంలో చేరాడు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. కచేరీల్లోనూ బజార్లలోనూ తెలుగులో కలిసి నడుస్తున్న హిందుస్తానీ, పారసీ, ఇంగ్లీషు మాటలకి 1854లో వేరే నిఘంటువు వేశాడు. మనలో చాలామంది చేతుల్లో ఉన్నది మొదటి కూర్పు కాదు, 1903లో వెంకటరత్నం, క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం కలిసి సవరించి పెంచిన కూర్పు. నా దగ్గరున్నది దాని పునర్ముద్రణ. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల సైటులో ఇదే ఉచితంగా దొరుకుతుంది.

నూట డెబ్భై ఏళ్ల కిందటి పుస్తకంలో ఇవాళ్టి వాడుక మాట అర్థం దొరకదు. దొరకాలని నేను ఆశించను కూడా. నాకు కావలసింది ఆ మాట ఇప్పుడున్న మెట్టుకి కింది మెట్టు. బ్రౌన్ దాన్ని ఇస్తాడు. అంతకన్నా ముఖ్యంగా, ఆ మాట అప్పట్లో ఏ మాటల పక్కన నిలబడేదో చూపిస్తాడు. ఒక పదం కింద దాని సమాసాలు, పలుకుబళ్లు, దానికి అతికే క్రియలు, అక్కడక్కడ వేమన పద్యపాదాలు, సామెతలు వరసగా పేరుస్తాడు. అర్థం ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునే నిఘంటువు నాకు సగమే పనికొస్తుంది. మాట బరువు దాని పక్కనున్న క్రియలోనూ దాని వెనకున్న విభక్తిలోనూ ఉంటుంది. ఈ సంగతి నాకు తెలిసింది ఈ పుస్తకం వాడగా వాడగానే.

సోదినే తీసుకోండి. పూర్వం సోది ‘చెప్పేవాళ్లు’, ‘అడిగేవాళ్లు’. ఇప్పుడు “సోది చెప్పకు” అనడం ఎంత మామూలో “సోది కొట్టకు” అనడమూ అంతే మామూలు. జోస్యాన్ని ఎవరూ కొట్టరు. కొట్టడం అన్న క్రియ ఇక్కడికి వేరే చోటు నుంచి వచ్చింది. కబుర్లు కొట్టడం మనకి ఎప్పటి నుంచో ఉంది, ఆ పక్కన సుత్తి కొట్టడం కూడా వచ్చి చేరింది. సోది ఆ వరసలో కూర్చోగానే వాటి క్రియనే తొడుక్కుంది. ఒక మాట కొత్త క్రియ తొడుక్కుందంటే పాత అర్థంతో దానికి తెగతెంపులు అయిపోయాయని నాకు గుర్తు. రికార్డింగులో “చెప్పేది” అని ఉంటే నేను ఆగి పక్క వాక్యం వింటాను. “కొట్టేవాడు” అని ఉంటే ఆగను.

సుత్తి కథ మా తరం కళ్ల ముందే జరిగింది. బ్రౌన్‌లో సుత్తి అంటే కమ్మరి చేతి పనిముట్టు, అంతే. విసుగెత్తించే మాటలకి ఆ పేరు రాష్ట్రమంతా పాకింది 1982లో జంధ్యాల తీసిన నాలుగు స్తంభాలాటతో. అందులో నటించిన వీరభద్రరావు, వేలు ఇద్దరికీ ఆ మాటే ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. మాటకి పుట్టినరోజు ఇంత దగ్గరగా తెలియడం అరుదు. ఆ ఏడాదికి ముందు రికార్డయిన గొంతులో “సుత్తి దెబ్బలు” అని వస్తే అది కొలిమి. తర్వాత వస్తే అడిగి తెలుసుకోవాలి. పనిముట్టుకి మాటలకి ఉన్న పోలిక చాలా బాగా కుదిరింది: ఒకే చోట, ఒకే లయతో, ఆగకుండా పడే దెబ్బ. ఆ బొమ్మ ఇంకా కళ్లకి కడుతోంది కాబట్టే సుత్తితో ‘కొట్టు’ అన్న క్రియ ఇవాళ్టికీ విడిపోలేదు.

సొల్లు కూడా ఈ కుటుంబంలోదే. నోటి వెంట కారే చొంగ అది. దానికి సహజమైన క్రియ కార్చడం. ఇప్పుడు దాన్నీ కొడుతున్నారు. విసుగుకి ఇన్ని మాటలు ఎందుకని ఆ అమ్మాయి ఒకసారి అడిగింది. వాడగా వాడగా మాట వాడి తగ్గుతుంది. ఎదుటివాడి నోరు మూయించాలంటే కొత్తగా పదునుపెట్టిన మాట కావాలి. పొగడ్తకీ ఇదే అవసరం. అందుకే ఈ రెండు చోట్లా మాటలు త్వరత్వరగా మారిపోతుంటాయి. చెట్టు, చెయ్యి, నీళ్లు లాంటి మాటలకి ఆ తొందర లేదు. అవి వేల ఏళ్లుగా తమ పని తాము చేసుకుంటున్నాయి.

నిఘంటువు నాకు బాగా ఉపకారం చేసిన మాట రచ్చ. ఈ ఒక్క మాట కోసం పుస్తకం కొన్నా నష్టం లేదంటాను. సంస్కృతంలో రథ్య అంటే వీధి, బండ్లు నడిచే దారి. ప్రాకృతం మీదుగా అది తెలుగులో రచ్చ అయింది. పదిమంది కూడే చోటు, తగవులు తీర్చే చావడి. రచ్చబండ ఆ చోటిది. “ఇంట గెలిచి రచ్చ గెలువు” అన్న సామెత ఆ మాటను పాత అర్థంతోనే దాచి పెట్టింది. ఇంటికి ఎదురుగా నిలబెట్టిన మాట కాబట్టి అక్కడ రచ్చ అంటే బయటి లోకం.

తర్వాతి మెట్టు “రచ్చకెక్కారు”, “రచ్చకీడ్చాడు”. విభక్తి చూడండి: రచ్చ‘కు’. ఇంకా అది చోటే, ఎక్కొచ్చు, ఈడ్చొచ్చు. కానీ ఇంటి గుట్టు ఆ చోటికి వెళ్లడం పరువు తక్కువ పని కాబట్టి, చోటుకి ఆ మచ్చ అంటుకుంది. ఆ తర్వాత “రచ్చ చేయకు” వచ్చింది. ఇక్కడ విభక్తి పోయింది. చోటు కాస్తా చేసే పని అయిపోయింది, గొడవ అన్న అర్థం గట్టిపడింది. ఇప్పుడు కాలేజీ పిల్లలు “నిన్న రాత్రంతా రచ్చ రచ్చ” అంటే గొడవ కూడా కాదు, కలిసి గంతులేసి సంబరం చేసుకున్నారని. వీధి, చావడి, పరువు పోవడం, గొడవ, సంబరం. నాలుగు మలుపులు తిరిగింది ఈ మాట. చివరి మలుపులో మళ్లీ పదిమంది కూడడం తిరిగొచ్చింది. మొదటి రెండు మెట్లూ బ్రౌన్ చూపిస్తాడు. మిగతావి మన చెవులతో మనం పట్టుకోవాలి.

అందుకే ఒక రికార్డింగులో ఒక పెద్దాయన “మా తాత రచ్చలో కూర్చునేవాడు” అన్నప్పుడు నేను తడబడలేదు. ‘లో’ అన్న ప్రత్యయం దారి చూపించింది. ఆయన తాత తగవులు తీర్చిన మనిషి.

పోరంబోకు విషయంలో మాత్రం తప్పు నాది కూడా. శిస్తు కట్టని ప్రభుత్వ భూమికి రెవెన్యూ లెక్కల్లో ఉన్న పేరు అది. తమిళం నుంచి వచ్చింది. దారులు, చెరువు గర్భాలు, ఎవరికీ పట్టా లేని నేల ఆ పద్దులో పడతాయి. అలాంటి నేల మీద గుడిసె వేసుకుని బతికిన మనిషి గురించి అతని అన్నగారు చెబుతూ “వాడు చాలా ఏళ్లు పోరంబోకులోనే ఉన్నాడు” అన్నాడు. ప్రతిలో “వాడు చాలా ఏళ్లు పోరంబోకుగా తిరిగాడు” అని ఎక్కింది. వినేవాళ్ల చెవి తెలియకుండానే ‘లోనే’ని ‘గా’ చేసేసింది, ఉన్నవాడిని తిరిగినవాడిని చేసేసింది. నేను కూడా రికార్డు వినకుండా ఆ ప్రతి మీద సంతకం పెట్టాను. నెల తర్వాత ఆ కుటుంబం నుంచి కబురొచ్చింది. జాగా లేక పోరంబోకులో ఉన్నవాడికీ, పని లేక పోరంబోకుగా తిరిగేవాడికీ ఉన్న తేడా ఒక మనిషి పరువంత. ఇక ఆ తర్వాత ఏ ప్రతి అయినా రికార్డు వింటూనే సరిచూస్తున్నాను.

ఆ మాట భూమి నుంచి మనిషికి ఎలా మళ్లిందో ఊహించడం కష్టం కాదు. ఎవరి లెక్కలోకీ రాని నేల, ఎవరి లెక్కలోకీ రాని మనిషి. పేదవాడి చిరునామా తిట్టుగా మారిన మాటల్లో ఇదొకటి, నాకు చాలా బాధ కలిగించే మాట కూడా.

ఇంకో రకం గుర్తు ఏకవచన బహువచనాల్లో ఉంటుంది. మామూలు అరబ్బీ మూలం నుంచి వచ్చింది. బ్రౌన్ చెప్పే అర్థం వాడుక, ఆనవాయితీ. “మామూలుగా”, “మామూలు మనిషి” అన్నప్పుడు ఇవాళ్టికీ అదే. కానీ “మామూళ్లు” అని బహువచనం చేస్తే లంచం తప్ప మరొకటి కాదు. ఆనవాయితీగా ముట్టేది కాబట్టి ముందు మర్యాదగా ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఆ మర్యాద పోయి పేరే నేరమైంది. అన్న, అన్నలు కూడా అంతే. ఏకవచనంలో ఇంటి మనిషి. బహువచనంలో, ముఖ్యంగా తెలంగాణ పల్లెల జ్ఞాపకాల్లో, అడవిలోని ఉద్యమకారులు. “రాత్రి అన్నలు వచ్చారు” అన్న వాక్యాన్ని తోబుట్టువులుగా అనువదిస్తే మొత్తం కథే మారిపోతుంది.

మారడం అంటే చెడిపోవడమే అనుకునేవాళ్లకి కూడా ఈ పుస్తకం మందు. పిల్లలు భాషని పాడు చేస్తున్నారన్న మాట నేను తరచూ వింటాను, బాధపడతాను. పండితులు నెత్తిన పెట్టుకునే మాటలూ ఇదే దారిలో నడిచి వచ్చాయి. ఛందస్సు అంటే వేదం. ఛాందసుడు వేదం చదివినవాడు, ఇప్పుడు కాలం తెలియనివాడు. కైంకర్యం దేవుడికి చేసే సేవ, “డబ్బంతా కైంకర్యం చేశాడు” అంటే మింగేశాడని. పూజ్యం అన్న మాటకి బ్రౌన్ పూజించదగింది అనీ సున్నా అనీ రెండు అర్థాలూ పక్కపక్కనే ఇస్తాడు. శూన్యం అనడం అశుభమని పూజ్యం అన్నారని పెద్దలు చెబుతారు. కంపు ఒకప్పుడు పూలకీ ఉండేది. ఇటు నుంచి అటు పైకి ఎక్కినవీ ఉన్నాయి. ధర్మశాస్త్రాల్లో సాహసం అంటే బలాత్కారంగా చేసే నేరం. ఇప్పుడు సాహసం చేసిన పిల్లలకి పతకాలిస్తాం. సంస్కృతంలో సభికుడు జూదశాల నడిపేవాడు. ఇప్పుడు ఏ వేదిక మీద ఉపన్యాసమైనా సభికులకు నమస్కారంతోనే మొదలవుతుంది. భాషాశాస్త్రంలో వీటికి అపకర్ష, ఉత్కర్ష అని పేర్లున్నాయి. పాఠ్యపుస్తకాల్లో కవుల మాటలకే ఈ పేర్లు పెట్టి, కుర్రాళ్ల మాటలకి మాత్రం అపభ్రంశం అని పేరు పెట్టడం నాకు నచ్చదు.

పొగడ్తల దగ్గరికి వద్దాం. ఇవాళ్టి తెలుగులో మెచ్చుకోలుకి వాడే క్రియలు చాలావరకు కొట్టడం, విరవడం, చింపడమే. అదరగొట్టాడు, ఇరగదీశాడు, చింపేశాడు, కుమ్మేశాడు, ఉతికి ఆరేశాడు. అదరగొట్టడం అంటే అదిరేలా చేయడం, బెదరగొట్టడం. నటుడు భయపెట్టాడని కాదు, చూసేవాళ్లు చలించిపోయారని. ఇందులో విభక్తి చాలా విచిత్రంగా పనిచేస్తుంది. “వాణ్ని చింపేశాడు” అని కర్మ ఉంటే తన్నాడు, లేదా మాటలతో కడిగేశాడు. కర్మ లేకుండా “చింపేశాడు” అని ఊరుకుంటే మెప్పు. “వాడి దుమ్ము దులిపాడు”, ఉత్త “దుమ్ము దులిపాడు” కూడా అంతే. కర్మ పోగానే దెబ్బ తినేవాడు పోయాడు, కొట్టిన బలం మాత్రం మిగిలింది. ఈ తేడా ఏ నిఘంటువులోనూ చదివి నేర్చుకోలేదు. కానీ క్రియ వెంట ఏముందో చూడమని నాకు అలవాటు చేసింది బ్రౌనే.

అరాచకం ఇప్పుడు మధ్యదారిలో ఉన్న మాట. రాజు లేని స్థితి అరాజకం, నోళ్లలో నలిగి అరాచకం అయింది. పత్రికల్లో “అరాచకాలు” అంటే దౌర్జన్యాలు. పిల్లలు ఒక పాట విని “అరాచకం అసలు” అంటే అంతకు మించి లేదని. ఒకే రోజున, ఒకే ఇంట్లో, తండ్రి చదివే వార్తలోనూ కూతురు పంపే సందేశంలోనూ ఈ మాట ఎదురెదురు అర్థాలతో బతుకుతోంది. ఏది గెలుస్తుందో, రెండూ నిలుస్తాయో ఎవరూ చెప్పలేరు. కేక కూడా కొన్నేళ్ల కిందట ఇంతే గట్టిగా వినిపించింది. మెచ్చుకోలుగా ఇప్పుడు దాన్ని వాడితే మా ఆఫీసు పిల్లలు నన్ను పాతకాలం మనిషిగా చూస్తారు.

ఇక వాడకం గురించి. వాడుక మాటని బ్రౌన్‌లో వెతకాలంటే ముందు దాన్ని కాస్త వెనక్కి నడిపించాలి. చివరి సున్నాని ‘ము’ చేసి చూడండి: అరాచకం దొరక్కపోతే అరాజకము దగ్గరికి వెళ్లాలి. క్రియ పొడుగ్గా ఉంటే మూలం దాకా తగ్గించండి: అదరగొట్టు లేకపోతే అదరు. ‘ఇ’తో మొదలయ్యే నోటి మాటకి ‘వి’తో కూడా చూడాలి. ఇరగదీయడానికి మూలం విరుగు దగ్గర దొరుకుతుంది. చొల్లు, సొల్లు లాంటి చ–స మార్పులు చాలా ఉంటాయి. దంత్యాలైన ౘ, ౙ ఉచ్చారణలని ఇంగ్లీషు అక్షరాల్లో వేరుగా చూపించడం ఈ నిఘంటువులో నాకు ఎంతో ఇష్టమైన సదుపాయం. రికార్డులో విన్న ధ్వనిని పుస్తకంతో సరిపోల్చుకోవచ్చు. ప్రతి మాట పక్కనా అది తెలుగో, సంస్కృతమో, హిందుస్తానీయో, తమిళమో గుర్తు ఉంటుంది. ఆ గుర్తులన్నీ నేటి పరిశోధనకి నిలబడవు. మొదటి ఆధారంగా మాత్రం పనికొస్తాయి.

ఆన్‌లైన్ కూర్పుకి ఒక లాభం ఉంది. తెలుగు మాట తెలియకపోయినా ఇంగ్లీషు వివరణల్లో వెతకొచ్చు. జోస్యం గురించిన మాటలన్నీ ఒకచోటికి వస్తాయి. అచ్చు పుస్తకానికి ఇంకో లాభం: పక్క మాట కంటపడుతుంది. నేను ఒకదాని కోసం వెళ్లి ఇంకోటి నేర్చుకున్న రోజులే ఎక్కువ. అయితే నా పునర్ముద్రణ ప్రతిలో అక్షరాలు కొన్ని పేజీల్లో మసకబారి, కొన్నింట సిరా అలుక్కుపోయి ఉన్నాయి. చిన్న అక్షరాల్లోని పలుకుబళ్లు చదవలేక తెర మీద చూసుకోవాల్సి వస్తుంది. కొనేవాళ్లు నాలుగైదు చోట్ల పుస్తకం తెరిచి చూసుకుని కొనండి.

లోపాల్లో పెద్దది తేదీలు లేకపోవడం. ఏ అర్థం ఎప్పుడు మొదలైందో బ్రౌన్ చెప్పడు. ఈ విషయంలో బ్రౌన్‌ని ఒక్కణ్నే అనలేను, నా బల్ల మీదున్న తెలుగు నిఘంటువులు వేటిలోనూ అది లేదు. 1885 నాటి శబ్దరత్నాకరం కావ్యభాషకి అద్భుతం. 1936లో మొదటి సంపుటం వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువులో కవుల ప్రయోగాలు కొల్లలు, కానీ వీధిలోని మనిషికి అందులో చోటు తక్కువ. 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు నేటి వాడుకకి చాలా దగ్గరగా ఉంటుంది. బ్రౌన్‌నీ దాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఒక మాటకి నూట నలభై ఏళ్ల ఎడంలో రెండు ఫొటోలు చూసినట్టుంటుంది. వృత్తి మాటలకి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయంతో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం ఉంది. దాన్ని చూసిన ప్రతిసారీ ఇలాంటి శ్రమ వాడుక మాటల మీద కూడా ఎవరైనా పెడితే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

రెండో లోపం తెలంగాణ. బ్రౌన్ బతికింది, పనిచేసింది కడప, మచిలీపట్నం, రాజమండ్రి, మద్రాసుల్లో. నిజాం ఏలుబడిలోని తెలుగు ఆయన చెవిన పడింది తక్కువ. అటువైపు రికార్డింగుల్లో ఒక మాట దగ్గర ఆగిపోతే నేను నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం తీస్తాను. మూడోది, ఆయన కాలపు దొర చూపు. కొన్ని కులాల గురించి, ఆడవాళ్ల గురించి, మొరటు మాటల గురించి వివరణ రాసేటప్పుడు ఆ చూపు కనబడుతుంది. ఆ భాగాలను అర్థాలుగా కాక ఆ కాలపు అభిప్రాయాలుగా చదువుకోవాలి. కొత్తగా చేరిన పిల్లలకి పుస్తకం ఇచ్చే ముందు ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

ఇన్ని చెప్పాక కూడా, అనువాదం, ఉపశీర్షికలు, జ్ఞాపకాల సేకరణ లాంటి పని చేసేవాళ్లు ఎవరైనా ఒకే ఒక్క పాత నిఘంటువు పెట్టుకోవాలంటే నేను దీన్నే చెబుతాను. కవిత్వం మాత్రమే చదివేవాళ్లకి శబ్దరత్నాకరం చాలు. ఇవాళ్టి మాటకి ఇవాళ్టి అర్థం మాత్రమే కావాలంటే ఇది అక్కర్లేదు, పక్కనున్న పదిహేనేళ్ల పిల్లని అడగండి.

తేదీల లోటుని మేము మాకు చేతనైనట్టు పూరించుకుంటున్నాం. పుస్తకంలో మాట ఉన్న పేజీ దగ్గర చిన్న చీటీ పెడతాం. మాట, విన్న వాక్యం యథాతథంగా, మాట్లాడినవాళ్ల వయసు, ఏ ప్రాంతం, ఏ సంవత్సరం. పేరు రాయం. ‘గొప్పవాడు’ అన్న అర్థంలో తోపుకి మామిడితోపు పేజీలో మూడు చీటీలున్నాయి. రచ్చ దగ్గర పదకొండు. ఇప్పుడు పుస్తకం మూస్తే పూర్తిగా మూసుకోదు.

సోది వాక్యం సరిచేశాక ఆ అమ్మాయి తనే ఫోన్ చేసి ఆ పెద్దావిడకి చదివి వినిపించింది. “మా అమ్మ చెప్పిందంటే జరిగేదమ్మా” అందట ఆవిడ. ఆ వాక్యం కూడా చీటీ మీద ఎక్కింది. పోయిన వారం ఆ పేజీలోనే ఇంకో చీటీ కనిపించింది, ఆ అమ్మాయి చేతిరాత: “సోది – ‘ఆ మేనేజరు సోది భరించలేకపోతున్నా’ – ఆడ, 23, ఈ ఆఫీసు, ఈ సంవత్సరం.” వయసు తనదే.